ఒక్క పేజీ ఆపమంటే సైటంతా ఎందుకు ఆగిపోతుంది?

క్లుప్తంగా: మన దేశంలో నెట్ కంపెనీలు వెబ్‌సైట్లను సాధారణంగా తమంతట తాము ఆపవు. కేంద్ర ప్రభుత్వం చెబితేనో కోర్టు చెబితేనో ఆపుతాయి. ఉత్తర్వు ఒక్క పేజీ గురించే అయినా, ఇవాళ కంపెనీకి కనిపించేది సైటు పేరు వరకే కాబట్టి దెబ్బ సైటంతటికీ తగులుతుంది. పైగా తక్కువ ఆపితే శిక్ష ఉంది, ఎక్కువ ఆపితే అడిగేవాడు లేడు. ఎవరి పద్ధతి వాళ్లది కావడంతో మీ గదిలో రాని సైటు పక్కగదిలో హాయిగా తెరుచుకుంటుంది.

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వెంట, షోలింగనల్లూరులోనో నావలూరులోనో, నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి అద్దెకున్న ఏ ఫ్లాట్‌లోనైనా చూడగల దృశ్యం ఇది. ల్యాప్‌టాప్‌లో వైఫై మీద ఒక సైటు తెరిస్తే చక్రం తిరిగి తిరిగి ‘కనెక్షన్ రీసెట్ అయింది’ అని వస్తుంది. పక్క మంచం మీదున్నవాడు మొబైల్ డేటాలో అదే సైటు టకీమని తెరిచి చూపిస్తాడు. ‘నీ ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉందిరా’ అంటాడు ఒకడు, ‘రూటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్’ అంటాడు ఇంకొకడు. ఆపి ఆన్ చేస్తారు, ఏమీ మారదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా వైపు ఏ సమస్యా లేదు సార్’ అంటారు. చివరికి ఎవడో హాట్‌స్పాట్ పెడతాడు, పని అయిపోతుంది. సైటు ఎందుకు రాలేదన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

అసలు ఆపింది నెట్ కంపెనీయేనా?

సైటు రాకపోతే ‘బ్యాన్ చేశారు’ అనేస్తాం గానీ, అన్నీ బ్యాన్లు కావు. సర్వర్ పడిపోయి ఉండొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ టీమ్ పెట్టిన ఫైర్‌వాల్ ఆపి ఉండొచ్చు, అలాంటి మెషీన్ ఇంటికి తెచ్చుకున్నా అదే పాట పాడుతుంది. సైటువాళ్లే కొన్ని ప్రాంతాల వాళ్లను రానివ్వకపోవడం మరో రకం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాక, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చేదాకా, రమ్మీ యాప్‌లు ఫోన్ లొకేషన్ చూసి హైదరాబాద్, విజయవాడ వాళ్లను బయటే నిలబెట్టేవి. అక్కడ గేటు వేసింది యాప్, నెట్ కంపెనీ కాదు. చట్టపరమైన కారణంతో పేజీ చూపించలేకపోతున్నామని చెప్పడానికి వెబ్ ప్రమాణాల్లో 451 అనే కోడ్ కూడా ఉంది, 2016లో వచ్చింది. మన దగ్గర అది కనిపించడం అరుదు.

కంపెనీ తన లాభం కోసం ఆపేస్తోందేమో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఇతర దేశాల్లో ఇలాంటిది జరక్కపోలేదు. అమెరికాలో కామ్‌కాస్ట్ అనే నెట్ కంపెనీ 2007లో, జనం ఒకరికొకరు ఫైళ్లు పంచుకునే బిట్‌టోరెంట్ ట్రాఫిక్‌ను అడ్డుకుంటూ దొరికిపోయింది. ఇక్కడ 2018 జులైలో టెలికాం శాఖ, నెట్‌లో ఏ కంటెంట్‌కూ తేడా చూపకూడదనే నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించాక, చట్టబద్ధమైన కంటెంట్‌ను సొంత వ్యాపారం కోసం అడ్డుకునే వీలు కంపెనీలకు లేదు. కాబట్టి ఇక్కడ ఒక సైటు ఆగిందంటే వెనక ఎక్కడో ఒక కాగితం ఉందనే ముందు అనుకోవాలి. ఆ కాగితం మనకు కనిపించకపోవడం వేరే కథ.

కాగితం ఎక్కడి నుంచి వస్తుంది

ప్రధానంగా రెండు గుమ్మాలు. మొదటిది కేంద్ర ప్రభుత్వం. ఐటీ చట్టంలో 69ఏ సెక్షన్ 2008 సవరణతో వచ్చి 2009 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, మిత్రదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ఉసిగొల్పడం, ఈ కారణాల మీద ఆన్‌లైన్ సమాచారాన్ని ప్రజలకు అందకుండా చేయమని ఆదేశించవచ్చు. వేర్వేరు మంత్రిత్వ శాఖల అధికారులతో ఒక కమిటీ ఉంటుంది. అది చూసి సిఫార్సు చేయాలి, ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కార్యదర్శి ఆమోదించాలి. అత్యవసరమైతే ముందు ఆపేసి, 48 గంటల్లోపు కమిటీ ముందు పెట్టాలి. ఈ దారిలో ఆపిన లింకులు 2018లో 2,799 ఉంటే 2020లో 9,849కి చేరాయని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. ఆ ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను ఆపింది కూడా ఈ సెక్షన్ కిందే.

ఇక్కడ గమనించాల్సింది 2009 నిబంధనల్లో 16వది. ఫిర్యాదు, దాని మీద తీసుకున్న చర్య రెండూ గోప్యంగా ఉంచాలని అది చెబుతుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది గానీ 69ఏను నిలబెట్టింది. ఉత్తర్వులో కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి కాబట్టి హైకోర్టులో సవాలు చేసుకోవచ్చు కదా అన్నది అందులో ఒక తర్కం. ఉత్తర్వే చేతికి రాకపోతే దేన్ని సవాలు చేయాలన్న ప్రశ్న అప్పటి నుంచీ వేలాడుతూనే ఉంది.

రెండో గుమ్మం కోర్టు. కాపీరైట్, ట్రేడ్‌మార్క్, పరువునష్టం కేసుల్లో ఉత్తర్వులు ఇక్కడి నుంచి వస్తాయి. పిల్లల లైంగిక వేధింపుల చిత్రాలున్న సైట్లకు మరో ఏర్పాటు ఉంది. బ్రిటన్‌లోని ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ తయారుచేసే జాబితాను వాడమని 2017లో మన కంపెనీలకు ఆదేశాలు వెళ్లాయి. దాని మీద పెద్దగా గొడవ లేదు, ఉండాల్సిన పనీ లేదు.

ఎక్స్, యూట్యూబ్ లాంటి చోట్ల ఒక పోస్టు తీసేయించడం వేరు, సైటుకు దారే మూసేయడం వేరు. పోస్టు తీసేయడం ఆ వేదిక చేతిలో పని. కంటెంట్ తీసేయమని ప్రభుత్వ సంస్థలు వేదికలకు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్ మీద ఎక్స్ సంస్థ వేసిన కేసు ఆ కోవలోదే, 2025 సెప్టెంబరులో బెంగళూరులో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక్కడి విషయం రెండోది, దారి మూసేయడం.

మద్రాసు హైకోర్టులో ‘అశోక్ కుమార్’

నెట్ బ్లాకింగ్ చరిత్రలో చెన్నైకి పెద్ద చోటే ఉంది. సినిమా విడుదలకు ముందే నిర్మాత కోర్టుకెళతాడు. కాపీ ఎవడు పెడతాడో అప్పటికి తెలియదు. పేరు తెలియని ప్రతివాదికి అమెరికాలో ‘జాన్ డో’ అని పేరు పెడతారు, మన కోర్టుల్లో అతని పేరు అశోక్ కుమార్. (నిజంగా ఆ పేరున్నవాళ్ల సంగతి దేవుడికే తెలియాలి.) అశోక్ కుమార్‌తో పాటు నెట్ కంపెనీలనూ ప్రతివాదులుగా చేరుస్తారు, సైట్లు ఆపే బాధ్యత వాళ్ల మీద పడుతుంది.

2012లో ధనుష్ తమిళ సినిమా ‘3’, ఎన్టీఆర్ తెలుగు సినిమా ‘దమ్ము’ కోసం చెన్నైలోని ఒక పైరసీ నిరోధక సంస్థ ఇలాంటి ఉత్తర్వులే తెచ్చింది. మే నెలలో చూస్తే పైరసీ సైటు పైరేట్ బే తో పాటు విమియో, డైలీమోషన్ లాంటి మామూలు వీడియో సైట్లు కూడా చాలామందికి ఆగిపోయాయి. సొంత షార్ట్‌ఫిల్మ్ విమియోలో పెట్టుకున్నవాడికి దమ్ముతో ఏం పని? గొడవయ్యాక జూన్‌లో కోర్టే వివరణ ఇచ్చింది: సినిమా ఉన్న ఫలానా లింకును ఆపండి, సైటంతటినీ కాదు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ 2017 ఆగస్టులో, రెండు హిందీ సినిమాల నిర్మాతలకు ఇదే కోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో 2,650 దాకా సైట్లు, లింకులు ఆగాయి. అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వెతికేవాళ్లందరూ చివరికి చేరే చోటు అది. ఆర్కైవ్‌కు ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. పైరసీ సైటును ఆపితే రెండు రోజుల్లో ఒక అక్షరం మార్చి కొత్త పేరుతో వస్తుంది. ఐబొమ్మ పేరు వెనక తోకలు ఎన్నిసార్లు మారాయో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రతిసారీ కొత్త కేసు వేయకుండా, కొత్త అడ్రసులను పాత ఉత్తర్వుకే కలుపుకుంటూ పోయే ‘డైనమిక్’ ఉత్తర్వును ఆ కోర్టు ఇచ్చింది. నిర్మాతల వైపు నుంచి చూస్తే అది న్యాయమే. అయితే జాబితా ఇక ఎప్పటికీ పూర్తికాదు, పెరుగుతూనే ఉంటుంది, పెరిగే ప్రతి పేరునూ న్యాయమూర్తి తీరిగ్గా కూర్చుని చూడరు.

పోస్టుకార్డు పోయి కవరు వచ్చింది

2012లో కోర్టు చెప్పిన ‘ఆ లింకు మాత్రమే’ అన్న మాట ఇవాళ ఎందుకు పనిచేయదో చూడాలంటే తీగలో జరిగేది కాస్త తెలియాలి.

మీరు సైటు పేరు కొట్టగానే ముందు జరిగేది పేరును నంబరుగా మార్చడం. ఈ పని డీఎన్ఎస్ సర్వర్ చేస్తుంది, మామూలుగా అది మీ నెట్ కంపెనీదే ఉంటుంది. బ్లాకింగ్‌లో అన్నింటికన్నా చవకైన పద్ధతి ఇక్కడే: అడ్రసు అడిగితే తప్పుడు అడ్రసు చెప్పడం. సైటు సర్వర్‌కు బదులు, ‘ప్రభుత్వ ఆదేశాల మేరకు ఆపాం’ అన్న నోటీసు పేజీ ఉన్న సర్వర్ నంబరు ఇస్తారు, లేదా అసలు ఆ పేరే లేదంటారు.

ఒకప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీలో ఉండేవి. అది పోస్టుకార్డు. ఎవరికి, ఏ పేజీకి, లోపల ఏం రాసుంది, అన్నీ దారిలో ఉన్నవాళ్లు చదవొచ్చు. కాబట్టి విమియోలో ఫలానా వీడియో లింకును మాత్రమే పట్టుకుని ఆపడం, కాస్త ఖర్చు పెడితే, సాధ్యమే. ఇప్పుడు దాదాపు అందరూ హెచ్‌టీటీపీఎస్‌కు మారారు. అది అంటించిన కవరు. పైన సైటు పేరు కనిపిస్తుంది, లోపల ఏ పేజీ అడిగారో కనిపించదు. బ్యాంకు లావాదేవీ భద్రంగా జరిగేది ఈ కవరు వల్లే, బ్లాకింగ్ మొరటుగా మారిందీ దీనివల్లే. ఒక పేజీని ఆపమని ఉత్తర్వు వస్తే నెట్ కంపెనీ చేతిలో రెండే దారులు: సైటంతా ఆపడం, లేదా ఏమీ ఆపలేమని తిరిగి రాయడం. రెండోది రాయడానికి ఎవరికి ధైర్యం?

కవరు మీద కనిపించే పేరునే సాంకేతికంగా ఎస్ఎన్ఐ అంటారు. కనెక్షన్ మొదలయ్యే మొదటి పలకరింపులో, తాళం పడకముందే, బ్రౌజర్ ఆ పేరును బయటికి చెబుతుంది. కంపెనీ యంత్రం ఆ పేరు విని, జాబితాలో ఉంటే, సైటే లైను కట్ చేసినట్టు ఒక అబద్ధపు రీసెట్ సందేశం పంపుతుంది. ఫ్లాట్‌లో కుర్రాడికి కనిపించిన ‘కనెక్షన్ రీసెట్’ ఇలాంటిదే కావచ్చు. అదే డీఎన్ఎస్ పద్ధతి అయితే నోటీసు పేజీకి బదులు చాలాసార్లు ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న ఎర్ర హెచ్చరిక వస్తుంది, ఎందుకంటే నోటీసు సర్వర్ దగ్గర అసలు సైటు సర్టిఫికెట్ ఉండదు. చూసేవాడు ఫోన్ హ్యాక్ అయిందని కంగారుపడతాడు. ఆపినవాళ్లు ఆపామని చెప్పాలనుకున్నా చెప్పలేని పరిస్థితి ఇది.

మిగిలింది ఐపీ నంబరునే, అంటే డీఎన్ఎస్ చెప్పే ఆ సర్వర్ నంబరునే, ఆపేయడం. ఒక నంబరు వెనక వందల సైట్లు ఉండే రోజులివి, ఎన్నో సైట్ల ట్రాఫిక్‌ను వాటి తరఫున అందుకునే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సంస్థల దగ్గర మరీను. స్పెయిన్‌లో ఫుట్‌బాల్ లీగ్ కోసం 2025 నుంచి మ్యాచ్ రోజుల్లో ఇలా ఆపుతుంటే, ఆటతో ఏ సంబంధమూ లేని సైట్లు శని, ఆదివారాల్లో పడిపోతున్నాయి. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

పక్కవాడికి ఎందుకు తెరుచుకుంటుంది

సింగపూర్ నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చి చెన్నై ఒడ్డునే తేలుతుంది కదా, అక్కడొక గేటు వేస్తే అందరికీ ఆగిపోవాలి అనుకుంటారు. చైనాలో వడపోత చాలావరకు అలా దేశపు గుమ్మం దగ్గరే జరుగుతుంది. మన దగ్గర ఉమ్మడి గేటు లేదు. ప్రతి కంపెనీకీ జాబితా పంపుతారు, ఎవరి గేటు వాళ్లు వేసుకోవాలి. ఒకరు డీఎన్ఎస్‌తో సరిపెడతారు, ఇంకొకరు ఎస్ఎన్ఐ చూసే యంత్రం కొంటారు. ఒకరు ఉత్తర్వు వచ్చిన రోజే ఎక్కిస్తారు, ఇంకొకరు ఎప్పుడో వచ్చిన ఉత్తర్వు రద్దయినా తీయడం మర్చిపోతారు.

బెంగళూరు కేంద్రంగా పనిచేసిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు ఆరు కంపెనీల కనెక్షన్లను పరీక్షించి 2019, 2020 ప్రాంతంలో ఫలితాలు రాశారు. కనీసం ఒక్క కంపెనీ అయినా ఆపిన సైట్లు 4,033 తేలితే, ఆరుగురూ ఆపినవి 1,115 మాత్రమే, అంటే నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. చట్టం ఒకటే, దేశం ఒకటే, కానీ ఇంటర్నెట్ ఒక్కో సిమ్ములో ఒక్కో రకంగా ఉంది.

ఢిల్లీ ఐఐఐటీ పరిశోధకులు 2018లో ఇంకో వింత బయటపెట్టారు. తాను ఏమీ ఆపని చిన్న కంపెనీ, తన ట్రాఫిక్‌ను పెద్ద కంపెనీ దారిలో పంపితే, ఆ పెద్ద కంపెనీ వడపోత వీళ్ల కస్టమర్లకూ తగులుతుంది. వీధిలో కేబుల్ టీవీతో పాటు నెట్ ఇచ్చే అన్నను అడిగితే ‘నేనేం ఆపలేదు’ అంటాడు. అతను చెప్పేది నిజమే అయ్యుండొచ్చు.

తూకం ఒకవైపే మొగ్గితే

69ఏ ఉత్తర్వును పాటించకపోతే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. లైసెన్సు షరతులు సరేసరి. అటువైపు, అవసరం లేని సైటును పొరపాటున ఆపితే? ఏ శిక్షా రాసి లేదు. కస్టమర్ తిట్టుకుని హాట్‌స్పాట్ పెట్టుకుంటాడు, అంతే. కంపెనీలో కూర్చున్న నెట్‌వర్క్ ఇంజినీరు చెడ్డవాడు కానక్కర్లేదు. ఈ రెండిట్లో ఏది భద్రమో అతనికి తెలుసు.

ఇది కొత్తది కాదు. 2003లో మేఘాలయకు చెందిన ఒక వేర్పాటువాద గ్రూపు యాహూ గ్రూప్స్‌లో నడిపే పేజీ ఒకటి ఆపమంటే, దాన్ని విడిగా ఆపడం చేతకాక యాహూ గ్రూప్స్ మొత్తం ఆపారు. 2006 జులైలో ముంబయి రైలు పేలుళ్ల తర్వాత కొన్ని బ్లాగులు ఆపమంటే బ్లాగ్‌స్పాట్ అంతా పోయింది. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్న కాలం అది. 2014 డిసెంబరులో ఉగ్రవాద ప్రచారం ఉందని ఆపిన 32 సైట్ల జాబితాలో గిట్‌హబ్ ఉంది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు, చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లలో సగం మంది పొద్దున లేవగానే తెరిచేది.

ఇతర దేశాలు మనకన్నా తెలివిగా చేశాయనీ అనలేం. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్ ఆపబోయి, ‘యూట్యూబ్‌కు దారి మా దగ్గరే’ అన్న తప్పుడు సమాచారాన్ని బయటి ప్రపంచానికి వదిలింది. దాదాపు రెండు గంటలు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ రాలేదు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లో వికీపీడియాలోని ఒక్క పేజీని, ఒక ఆల్బమ్ అట్టమీది బొమ్మ కారణంగా, వడపోత జాబితాలో పెడితే అక్కడి చాలామంది వికీపీడియాలో రాయలేకపోయారు. అందరి ట్రాఫిక్ కొద్ది నంబర్ల నుంచే వస్తున్నట్టు కనిపించడంతో వికీపీడియా తలుపు వేసుకుంది. అయితే ఆ జాబితా పెట్టిన సంస్థ కొద్ది రోజుల్లోనే ఆ పేజీని బహిరంగంగా తొలగించింది. ఎవరు పెట్టారో, ఎందుకు తీశారో జనానికి తెలిసింది. తేడా అక్కడుంది.

ఇకపై ఎటు

డీఎన్ఎస్ పద్ధతిని దాటడం ఇప్పుడు కష్టమేమీ కాదు, బ్రౌజర్లే అడ్రసు ప్రశ్నను కూడా కవరులో పెట్టి పంపుతున్నాయి. అందుకే కంపెనీలు ఎస్ఎన్ఐ వైపు జరిగాయి. ఇప్పుడు కవరు మీది పేరును కూడా దాచే ఈసీహెచ్ అనే ఏర్పాటు 2023 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో వచ్చింది. అది అంతటా పరుచుకుంటే కంపెనీకి మిగిలేది ఐపీ నంబరు ఒక్కటే, అంటే పైన చెప్పిన స్పెయిన్ కథ. రష్యా 2024 నవంబరులో ఈ పద్ధతి వాడే కనెక్షన్లనే అడ్డుకోవడం మొదలుపెట్టింది. కవరు మందం పెరిగే కొద్దీ కత్తెర పోయి గొడ్డలి వస్తోంది.

వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ను దాచి వేరే సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) సంగతి అందరూ అడుగుతారు. వాడటం దేశమంతటా నేరమని చెప్పే చట్టం లేదు. కానీ 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలి. అది ఒప్పుకోలేక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ లాంటివి తమ సర్వర్లను దేశం నుంచి తీసేశాయి. ఇక ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ యాప్‌లలో చాలావాటికి మీ డేటాయే ఆదాయం. నెట్ కంపెనీ చూడకూడదని తలుపేసుకుని, ముక్కూమొహం తెలియనివాడి చేతికి తాళంచెవి ఇవ్వడమన్నమాట.

తప్పుగా ఆగిన సైటు తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ సైటు చెబుతుంది. 2022 ఫిబ్రవరి ప్రాంతం నుంచి అది ఇక్కడ చాలా కనెక్షన్లలో తెరుచుకోలేదు. సమాచార హక్కు కింద అడిగితే తమ దగ్గర వివరాలు లేవని కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ జవాబిచ్చింది. అక్టోబరులో ఆ సంస్థ లీగల్ నోటీసు పంపింది, నవంబరులో సైటు తెరుచుకుంది. తొమ్మిది నెలలు. పారిస్‌లో ఉన్న, లాయర్ల సాయం దొరికిన సంస్థకు పట్టిన కాలం అది.

సొంత సైటు ఇలా ఆగిందని అనుమానం వచ్చినవాళ్లు ముందు రెండు మూడు కంపెనీల కనెక్షన్లలో చూసి, వచ్చిన ఎర్రర్ స్క్రీన్‌షాట్లు తేదీ, సమయం, కంపెనీ పేరుతో సహా దాచుకోవాలి. నోటీసు పేజీ వస్తే అందులో ఏ శాఖ పేరుందో, కోర్టు కేసు నంబరు ఏమైనా ఉందో రాసుకోవాలి. కంపెనీకి ఫోన్ చేయడం కన్నా అక్కడ ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ పెట్టడం మేలు, ఫోన్లో అన్న మాటకు రుజువు ఉండదు. కోర్టు ఉత్తర్వు అని తేలితే ఆ కోర్టు వెబ్‌సైట్‌లో కేసు నంబరుతో కాపీ వెతకొచ్చు. 69ఏ అని తేలితే కాపీ దొరకదు, హైకోర్టులో రిట్ వేసి కోర్టు ద్వారానే అడగాలి.